భుజం మొరాయించినప్పుడు

"కొన్నాళ్ళు విల్లు పక్కన పెట్టండి" అంటారు డాక్టరుగారు. పెడతాం. ఆ కొన్నాళ్ళూ అయిపోయాక ఏం చెయ్యాలో మాత్రం చీటీ మీద ఉండదు. నొప్పి తగ్గింది కదా అని పాత విల్లే తీసి, పాత లెక్క ప్రకారమే బాణాలు వేస్తే రెండో వారం తిరక్కుండానే మళ్ళీ అదే భుజం, అదే ఐసు సంచి. చాలామందికి విల్లు మీద విరక్తి పుట్టేది ఇక్కడే. ఈ అధ్యాయం ఆ చీటీ మీద లేని భాగం గురించి.

ముందే ఒక హద్దు గీసుకుందాం. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, చెయ్యి పైకెత్తలేనంత నీరసం, గంటలు గడిచినా పోని తిమ్మిరి, ఒకసారి జారి మళ్ళీ కూర్చున్న కీలు... వీటికి ఫారం మార్చడం మందు కాదు. ఆర్థోపెడిక్ డాక్టరో ఫిజియోథెరపిస్టో చూసి సరేనన్నాకే ఇక్కడ రాసినవి పనికొస్తాయి. వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరు విల్లు లాగుతున్న వీడియోలు ఫోన్లో తీసుకెళ్ళండి. పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి చాలు. క్రికెట్ ఆడేవాడి భుజాన్ని, షటిల్ ఆడేవాడి మోచేతిని చూసిన ఫిజియోలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. విలుకాడి భుజం ఎటు తిరుగుతుందో చూసినవాళ్ళు తక్కువ. వీడియో చూస్తే మీరు మాటల్లో చెప్పలేనిది కూడా వాళ్ళకి అర్థమవుతుంది.

ఇక అసలు సంగతి. ఆర్చరీ పుస్తకాల్లో నిలువుగా, చేతులు రెండూ ఒక గీత మీద ఉండేట్టు ఒక బొమ్మ ఉంటుంది. కోచ్‌లందరూ దాన్ని చూపించే దిద్దుతారు. ఆ బొమ్మ గాయం లేని ఒంటికి గీసింది. బాణానికి మాత్రం మీరు ఆ బొమ్మలా ఉన్నారా లేదా అన్నది పట్టదు. తాడు వదిలే క్షణంలో విల్లు నిన్న ఉన్నచోటే ఉందా, తాడు ముఖానికి అదే చోట తగిలిందా, లాగిన పొడవు అంతేనా, ఈ మూడే దానికి కావాలి. కుంటుతూ నిలబడినా, కూర్చున్నా, పళ్ళతో లాగినా ఈ మూడూ ప్రతి బాణానికీ ఒకేలా ఉంటే గురి కుదురుతుంది. కాబట్టి గాయపడ్డవాళ్ళు వేసుకోవలసిన ప్రశ్న వేరు. నా షాట్‌లో ఏ దశలో ఈ దెబ్బతిన్న భాగం మీద బరువు పడుతోంది? ఆ బరువును ఇంకెక్కడ మోయగలను? ఒక చంక నొప్పెడితే బిందెను రెండో చంకకి మార్చుకోవడం లాంటిదే ఇది. నీళ్ళు ఇంటికి చేరాలి, అంతే.

ముందు పౌండేజ్

ఏ గాయమైనా మొదట మార్చాల్సింది విల్లు బరువే. దీనికి అందరూ తల ఊపుతారు, ఎవరూ చెయ్యరు. 40 పౌండ్ల రికర్వ్ అంటే పూర్తిగా లాగినప్పుడు వేళ్ళ మీద సుమారు 18 కిలోలు. పోటీలో ఒక ర్యాంకింగ్ రౌండ్‌కి 72 బాణాలు. లెక్కేస్తే ఆ ఒక్క రౌండ్‌లో భుజం 1300 కిలోలు లాగినట్టు. ప్రాక్టీస్ బాణాలు దీనికి అదనం. దాన్ని 28 పౌండ్లకి దించితే అదే 72 బాణాలకి 900 కిలోల చిల్లర అవుతుంది. టెక్నిక్‌లో ఏ చిన్న మార్పూ ఒక్కరోజులో ఇంత ఉపశమనం ఇవ్వదు.

అడ్డొచ్చేది అహం. గ్రౌండ్‌లో "నీది ఎన్ని పౌండ్లు?" అన్నది పరీక్షల్లో మార్కులు అడిగినట్టే అడుగుతారు. "సార్, ఇవాళ్టి నుంచి నేను 28తోనే వేస్తాను" అని కోచ్‌కి నోరు విప్పి చెప్పడం కొందరికి భుజం నొప్పికన్నా కష్టం. చెప్పేయండి. చెప్పకపోతే ఆయన మిమ్మల్ని మామూలు మనిషి కిందే లెక్కేసి మామూలు పనే చెబుతారు.

మీ విల్లు మీకు బరువెక్కువో కాదో తెలుసుకోవడానికి పాత పరీక్ష ఒకటుంది. చేతుల్లేని కుర్చీలో అంచున కూర్చుని, బాణం పెట్టి, విల్లును టార్గెట్ వైపే ఉంచి నెమ్మదిగా లాగండి. విల్లును ఆకాశం వైపు ఎత్తకుండా, కుదుపు లేకుండా లాగగలిగితే సరే. లాగడానికి పైకెత్తక తప్పడం లేదంటే ఆ బరువు మీది కాదు. లాగాక బాణం వదలకూడదనుకుంటే మెల్లగా దించండి, బాణం లేకుండా ఉత్త తాడు మాత్రం ఎప్పుడూ వదలకండి. ఆ దెబ్బకి లింబ్‌లు పగులుతాయి, పగిలితే నొప్పి ఉన్న భుజానికే ఇంకో దెబ్బ.

లింబ్‌లు విడదీసే రికర్వ్ విల్లైతే రైజర్ బోల్టులు తిప్పి మామూలుగా పదోవంతు దాకా బరువు తగ్గించవచ్చు. అంతకన్నా దించాలంటే తేలిక లింబ్‌లు కావాలి. కొనేముందు అకాడమీలో అడగండి. పిల్లలు ఎదుగుతూ, బరువు పెంచుకుంటూ వదిలేసిన లింబ్‌లు ఏదో మూలన ఉంటాయి. ఇండియన్ రౌండ్ ఆడే వెదురు విల్లుకి ఈ సౌకర్యం లేదు. బరువు తగ్గాలంటే విల్లే మారాలి.

కాంపౌండ్ సంగతి వేరు. దాని చక్రాల వల్ల చివరికి వచ్చేసరికి బరువు పడిపోతుంది. 80 శాతం తగ్గే అమరికలో 50 పౌండ్ల విల్లును లాగి పట్టుకున్నప్పుడు చేతిలో మిగిలేది 10 పౌండ్లే. గురి చూస్తూ నిలపడంలో నొప్పి ఉన్నవాళ్ళకి ఇది వరం. లాగడం మొదలుపెట్టినప్పుడే నొప్పి ఉన్నవాళ్ళకి మాత్రం కాదు. ఎందుకంటే మధ్యలో ఆ 50 పౌండ్లూ దాటాల్సిందే. "భుజం నొప్పా, కాంపౌండ్‌కి మారిపో" అని సలహా ఇచ్చేవాళ్ళు ఈ తేడా అడగరు. మీరు అడగండి. నొప్పి షాట్‌లో ఏ క్షణంలో వస్తోంది?

భుజం

ఈ ఆటలో ఎక్కువ దెబ్బతినేది ఇదే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం. భుజం కీలును చుట్టి నాలుగు చిన్న కండరాలుంటాయి, వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వాటిలో పైదాని నరం లాంటి తాడు భుజం ఎముక కొన కింద సన్నటి సందులోంచి వెళుతుంది. చెయ్యి భుజం ఎత్తుకి మించి లేచి, లోపలికి తిరిగినప్పుడు ఆ సందు ఇరుకవుతుంది. ఇప్పుడు అద్దం ముందు మీరు లాగే తీరు చూసుకోండి. విల్లు నుదుటి కన్నా పైకెత్తి, మోచెయ్యి చెవి దాకా లేపి, అక్కణ్ణించి కిందికి లాక్కొస్తున్నారా? అలాగైతే ప్రతి బాణానికీ ఆ ఇరుకు సందులో ఆ తాడును నలిపేస్తున్నట్టే.

దీనికి మందు తక్కువ ఎత్తులో మొదలుపెట్టడం. విల్లు పట్టిన చెయ్యి గడ్డం ఎత్తుకి వస్తే చాలు, అక్కణ్ణించి దాదాపు అడ్డంగా లాగండి. లాగే చేతి మోచెయ్యి బాణం గీత మీదికో, కాస్త పైకో వస్తే సరిపోతుంది. కొన్నాళ్ళు అందం తగ్గుతుంది, కోచ్ ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

విల్లు పట్టిన భుజంలో నొప్పి ఉంటే కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ తప్పు ఎక్కువగా భుజం చెవివైపు పైకి లేవడంలో ఉంటుంది. బరువు మీద పడగానే భుజం కుంచించుకుని పైకి పోతుంది. విల్లు ఎత్తకముందే ఆ భుజాన్ని కిందికి దించి, అక్కడే ఉంచి అప్పుడు చెయ్యి ఎత్తాలి. ఎత్తాక దించుదామంటే కుదరదు, అప్పటికే బరువు పడిపోయి ఉంటుంది. విల్లుకి ముందు పొడుగ్గా తగిలించే స్టెబిలైజర్ రాడ్, దాని చివరి బరువులు కొన్నాళ్ళు తీసేయండి. చివరన పెట్టిన వంద గ్రాములు కూడా చాపిన చేతికి ఎంతో బరువనిపిస్తాయి.

రెండు భుజాలకీ వర్తించేది ఒకటుంది. చేతి కండతో లాగేవాళ్ళకి భుజం త్వరగా అరుగుతుంది. వీపు మీద రెక్కల ఎముకలు ఒకదానివైపు ఒకటి జరిగేట్టు లాగాలని ప్రతి కోచ్ చెబుతారు, ప్రతి శిష్యుడూ సరే సార్ అంటాడు. అది ఒంటికి తెలియాలంటే రబ్బరు బ్యాండ్ తీసుకుని, విల్లు లాగినట్టే లాగుతూ, వెనక ఎవరినైనా నిలబెట్టి రెక్క ఎముక మీద వేలు పెట్టించుకోండి. వేలి కింద ఎముక కదలకపోతే లాగుతున్నది చెయ్యే.

క్లిక్కర్ వాడేవాళ్ళు గాయం తర్వాత మొదటి వారాలు దాన్ని తీసేయడం మేలు. ఆ చిన్న రేకు శబ్దం కోసం చివరి రెండు మిల్లీమీటర్లు సాగదీసుకుంటూ వణికే భుజానికి అంతకన్నా శత్రువు లేదు.

వేళ్ళు, మోచెయ్యి, ఇంకో చెయ్యి

వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే మందపాటి ట్యాబ్, పొడుగు విల్లు. 70 అంగుళాల విల్లులో లాగినప్పుడు తాడు అంత కోసుగా వంగదు, వేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకోవు. మోచేతి బయటివైపు నొప్పికి కారణం చాలాసార్లు పిడికిలి. విల్లును గట్టిగా పట్టుకునే అలవాటు మానాలంటే వేళ్ళకి స్లింగ్ కట్టుకుని చెయ్యి వదులుగా ఉంచడం నేర్చుకోవాలి, విల్లు కింద పడదన్న నమ్మకం స్లింగ్ ఇస్తుంది. లాగే చేతి మణికట్టు బయటికి వంచి లాగేవాళ్ళకి కూడా మోచెయ్యి మొరాయిస్తుంది. మణికట్టు, ముంజెయ్యి ఒకే గీతలో ఉండాలి, వేళ్ళు కొక్కెంలా ఉంటే చాలు.

వేలు విరిగినా, తెగినా దారులున్నాయి. మణికట్టుకి పటకాలా కట్టుకునే రిలీజర్ ఉంటే బరువంతా మణికట్టు మీదికి పోతుంది, వేలికి ట్రిగ్గర్ తాకడం తప్ప పని ఉండదు. రికర్వ్‌లో మూడు వేళ్ళతో లాగేవాళ్ళలో కొందరు రెండు వేళ్ళతో వేసి బాగానే ఆడతారు, పౌండేజ్ మాత్రం తగ్గించుకోవాలి. ఏకలవ్యుడి కథ ఇక్కడ గుర్తు రాక మానదు. బొటనవేలు ఇచ్చాక అతను మిగిలిన వేళ్ళతో బాణాలు వేశాడనీ, మునుపటి వేగం రాలేదనీ భారతం చెబుతుంది. కథలో అందరం గురుదక్షిణ దగ్గరే ఆగిపోతాం. విలుకాడిగా చదివితే నాకు ఆ తర్వాతి మాటే ముఖ్యం అనిపిస్తుంది. ఈనాడు ఒలింపిక్ రికర్వ్ లాగే చేతిలో బొటనవేలికి తాడు మీద పనే లేదు, అది అరచేతిలోకి ముడుచుకుని కూర్చుంటుంది.

ఒక చెయ్యి ఇక పూర్తిగా పనికిరాదని తేలితే చెయ్యి మార్చడం ఒక దారి. అర్జునుడు రెండు చేతులా వేసేవాడు కదా అని తేలిగ్గా తీసుకోకండి. ముందుగా విల్లు మారాలి. కుడిచేతివాటం రైజర్ ఎడమచేతికి పనికిరాదు. 18, 20 పౌండ్ల దగ్గర మళ్ళీ అఆలు దిద్దాలి. కన్ను కూడా మారుతుంది. మీ బలమైన కన్ను కుడిదైతే, ఎడమ కంటితో గురి చూడటానికి మొదట్లో కుడి కంటికి కళ్ళజోడు మీద కాగితం అతికించుకోవాల్సి రావచ్చు. కొత్త కంటికి చూపు కాస్త తక్కువైనా బెంగపడకండి. చూపు బాగా మందమైన కొరియా ఆటగాడు ఇమ్ డాంగ్ హ్యూన్ 2012 లండన్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో 720కి 699 కొట్టి ప్రపంచ రికార్డు పెట్టాడు.

చేతులే లేనివాళ్ళు ఏం చేస్తున్నారో చూస్తే ఫారం అన్న మాట మీద మన పట్టుదల కొంచెం సడలుతుంది. జమ్మూకశ్మీర్ కిష్త్వార్ జిల్లా అమ్మాయి శీతల్ దేవి పుట్టుకతోనే చేతుల్లేనిది. కుర్చీలో కూర్చుని కుడికాలితో విల్లు పట్టి, భుజంతో తాడు లాగి, దవడతో వదులుతుంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో రెండు బంగారు పతకాలు, ఒక వెండి తెచ్చింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ కంచు గెలిచింది. కాలితో వేసే ఈ తీరును ఆమెకన్నా ముందు ప్రపంచానికి చూపించినవాడు అమెరికా ఆటగాడు మాట్ స్టట్జ్‌మన్. 2012లో వెండి, పన్నెండేళ్ళ తర్వాత పారిస్‌లో బంగారం. అమెరికాకే చెందిన జెఫ్ ఫాబ్రీ ఒక చెయ్యి లేక తాడును పళ్ళతో పట్టి లాగేవాడు, 2012 లండన్‌లో బంగారం గెలిచాడు.

పళ్ళతో లాగడం భుజం పనిచెయ్యని మామూలు మనుషులకీ పనికొచ్చే పద్ధతే. తాడుకి తోలుముక్కో, నైలాన్ పట్టీయో కట్టి దాన్ని దవడ పళ్ళతో పట్టుకుని, విల్లు ఉన్న చేతిని ముందుకి తోస్తారు. అంటే లాగడానికి బదులు నెట్టడం. పళ్ళ డాక్టరుకి చూపించుకున్నాకే మొదలుపెట్టండి, ముందుపళ్ళతో ప్రయత్నించకండి, అతి తేలిక విల్లుతో ఆరంభించండి. మెడ బలం కూడా నెలలమీద పెంచుకోవాలి.

కూర్చుని వేయడం

మోకాలు, నడుము, మడమ... వీటికి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నిలబడలేకపోతే కూర్చోండి. న్యూజిలాండ్‌కి చెందిన నెరోలి ఫెయిర్‌హాల్ 1982 బ్రిస్బేన్ కామన్వెల్త్ క్రీడల్లో నిలబడి వేసేవాళ్ళ మీద చక్రాల కుర్చీలోంచే బంగారం గెలిచి, రెండేళ్ళకి లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లోనూ ఆడింది. అసలు పారాలింపిక్స్‌కి నాంది పలికింది కూడా విల్లే. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన రోజే, ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ యుద్ధంలో వెన్ను దెబ్బతిన్న 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు.

కూర్చున్నప్పుడు వచ్చే చిక్కు ఒక్కటే, విల్లు కింది కొన తొడకో కుర్చీకో తగులుతుంది. చేతుల్లేని ఎత్తు స్టూల్ మీద టార్గెట్‌కి పక్కగా కూర్చుని, ముందుకాలు కాస్త వెనక్కి జరిపితే ఆ కొనకి చోటు దొరుకుతుంది. మెడ తిప్పలేనివాళ్ళు పాదాలను టార్గెట్ వైపు కొంచెం తెరిచి నిలబడితే చాలు, మెడ తిరగాల్సిన కోణం తగ్గుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళు లాగేటప్పుడు పొట్ట ముందుకి, వీపు వెనక్కి విరుచుకుంటున్నారేమో చూసుకోవాలి. చూసుకుంటే చాలాసార్లు అదే దొంగ.

తిరిగి మొదలుపెట్టడం

మొదటి వారం బాణాలు వద్దు. రబ్బరు బ్యాండ్, తర్వాత అతి తేలిక విల్లు. ఆపైన అయిదు మీటర్ల దూరంలో గడ్డి దిమ్మ ముందు, టార్గెట్ కాగితం లేకుండా బాణాలు. కాగితం ఉంటే మనసు స్కోరు మీదికి పోతుంది, స్కోరు మీదికి పోయిన మనసుకి భుజం మాట వినిపించదు. నొప్పికి పదికి మార్కులు వేసుకోండి. వేస్తున్నప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు ఉదయానికి మామూలు స్థాయికి వచ్చేయాలి. రాకపోతే నిన్నటి బాణాల సంఖ్య ఎక్కువైందన్నమాట, తగ్గించండి. బాణాలు, బరువు, దూరం మూడూ ఒకే వారంలో పెంచకండి. ఒకటి పెంచితే మిగతా రెండూ ఉన్నచోటే ఉండాలి, అప్పుడే నొప్పి వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది. పెంచాలనిపించిన రోజు నోట్‌బుక్ తెరిచి గత వారం మార్కులు చూడండి. ఆ అంకెలకి ఉత్సాహం ఉండదు కాబట్టి నిజమే చెబుతాయి.

బరువు తగ్గించాక ఇంకో గందరగోళం కాచుకుని ఉంటుంది. విల్లు తేలికైతే పాత బాణాలు దానికి మరీ గట్టివవుతాయి. కుడిచేత్తో లాగేవాళ్ళకి అవి ఎడమకి పోతాయి. చాలామంది దాన్ని చూసి భుజం ఇంకా బాగుపడలేదనుకుని ఫారం కెలుకుతారు. భుజానికి దానితో సంబంధం లేదు. మెత్తటి బాణాలు కావాలి, లేదా బటన్ స్ప్రింగ్ వదులు చెయ్యాలి. బాణాలు కిందికి పడటం కూడా సహజమే, సైట్ కిందికి జరపండి. పాత సైట్ మార్కులు నోట్‌బుక్‌లో చెరిపేయకుండా ఉంచుకుంటే బరువు తిరిగి పెంచినప్పుడు పనికొస్తాయి.

పోటీలకి వెళ్ళే ఉద్దేశం ఉంటే మార్పులు చేసేముందే రూల్స్ చూడాలి. అంతర్జాతీయ నిబంధనల్లో రికర్వ్‌కి రిలీజర్ పనికిరాదు, కాంపౌండ్‌కి పనికొస్తుంది, దాని బరువు 60 పౌండ్లు మించకూడదు. పారా విభాగాల్లో స్టూల్, నోటి పట్టీ, కట్టు లాంటివన్నీ వర్గీకరణ అధికారులు పరీక్షించి మీ కార్డు మీద రాస్తేనే చెల్లుతాయి. చేతులు, కాళ్ళు రెండింటిలోనూ బలహీనత ఉన్న డబ్ల్యూ1 విభాగంలో కాంపౌండ్‌కి హద్దు 45 పౌండ్లే. కాబట్టి ఆర్నెల్లు ఒక పట్టీకి అలవాటుపడి తర్వాత అది చెల్లదని తెలుసుకోవడం కన్నా, మొదటి నెలలోనే రాష్ట్ర సంఘాన్ని అడిగి, వర్గీకరణకి మెడికల్ కాగితాలు ఏమేం కావాలో రాసుకుని, ఫిజియోతో ఆ రిపోర్టు ఇప్పుడే రాయించుకోండి.